‘పడదు’ అంటే సరిపోదు!

‘నాకు ఆ మందు పడదండీ...’

ఆసుపత్రుల్లో రోజూ వినిపించే మాటే ఇది. ఆ ఒక్క మాట కేస్‌షీటులోకీ, అక్కణ్నుంచి కంప్యూటర్‌లోకీ సరిగ్గా చేరితే ప్రాణం నిలబడుతుంది. చేరకపోతే ప్రమాదం. తప్పుగా చేరితే... అదీ ప్రమాదమే!

వంకాయ తింటే నోరంతా దురద. పాలు తాగితే కడుపుబ్బరం. ఫలానా మాత్ర వేసుకుంటే వాంతులు. ఇంజెక్షన్ చేసిన కాసేపటికే ఒళ్లంతా దద్దుర్లు, ఆయాసం, కళ్లు తిరిగి పడిపోవడం. ఈ నాలుగింటికీ మనం వాడే మాట ఒకటే... పడదు. ఇంట్లో చెప్పుకోవడానికి అది చాలు. డాక్టరుకి మాత్రం చాలదు. పాలు పడకపోవడానికి చాలామందిలో కారణం అరగకపోవడం. మాత్రతో వచ్చే వాంతులు సాధారణంగా దుష్ఫలితం. దద్దుర్లు వచ్చి ఊపిరాడకపోవడం మాత్రం అసలైన అలర్జీ. దాన్నే అనాఫిలాక్సిస్ అంటారు. వెంటనే తొడ కండరానికి అడ్రినలిన్ ఇంజెక్షన్ ఇవ్వకపోతే ప్రాణం మీదికి వస్తుంది.

రెండోసారే ముప్పు

‘పోయినసారి వాడినప్పుడు ఏమీ కాలేదే’ అని ఆశ్చర్యపోతుంటారు చాలామంది. ఆ గుట్టు 1902లోనే బయటపడింది. ఫ్రాన్స్‌కు చెందిన చార్లెస్ రిషే, పాల్ పోర్టియర్ సముద్రజీవుల విషాన్ని కుక్కలకు ఇచ్చి చూశారు. మొదటిసారి తట్టుకున్న కుక్క, కొన్ని వారాల తర్వాత అంతకన్నా తక్కువ మోతాదుకే చనిపోయింది. మొదటిసారి శరీరం ఆ పదార్థాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది. రెండోసారి కనిపించగానే మూకుమ్మడిగా విరుచుకుపడుతుంది. ఈ పరిశోధనకే రిషేకి 1913లో నోబెల్ వచ్చింది. అలర్జీ అన్న పదాన్ని 1906లో పుట్టించింది వియన్నా వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే.

అంటే, ఒకసారి జరిగినదాన్ని ఎవరో ఒకరు గుర్తుపెట్టుకోవాలి. స్పృహ తప్పిన రోగి ఎలాగూ చెప్పలేడు. అమెరికాలో మారియన్ కాలిన్స్ అనే డాక్టరు కూతురికి 1953లో ధనుర్వాతం విరుగుడు మందు వికటించి చావు తప్పింది. ఆ అనుభవంతో ఆయన, పడని మందుల పేర్లు చెక్కిన కడియం కూతురి చేతికి తొడిగారు. 1956లో మెడిక్‌అలర్ట్ అనే సంస్థ అలా మొదలైంది. నాడు కడియం చేసిన పనిని నేడు కంప్యూటర్ చేయాలి.

గళ్లు దాటితే గల్లంతే

కంప్యూటర్‌కి ఇంగితం ఉండదు. ‘పెన్సిలిన్ పడదు’ అని ఓ మూల వాక్యంలా టైపుచేసి వదిలేస్తే, చాలా వ్యవస్థల్లో అది కేవలం అక్షరాల వరసే. మందుల జాబితాలోంచి ఎంచి, దానికి కేటాయించిన గడిలో నమోదు చేస్తేనే అసలు పని జరుగుతుంది. తర్వాతెప్పుడో మరో డాక్టరు అమాక్సిసిలిన్ రాయబోతే ‘ఆగండి, ఇదీ పెన్సిలిన్ కుటుంబానిదే’ అని తెరమీద హెచ్చరిక వస్తుంది. బ్రాండు పేరు వేరైనా లోపలి మందును పట్టుకుంటుంది.

ఆరోగ్య వివరాలను ఆసుపత్రుల మధ్య పంచుకోవడానికి ప్రపంచమంతటా వాడుతున్న ఫైర్ ప్రమాణంలో అలర్జీకి ప్రత్యేకంగా ఒక నమూనా ఉంది. ఏ పదార్థం, ఏమైంది, ఎప్పుడు, ఎంత తీవ్రంగా, అలర్జీయా లేక తట్టుకోలేకపోవడమా, నిర్ధారణ అయిందా లేక అనుమానమేనా... అన్నిటికీ వేర్వేరు గళ్లు. పొరపాటని తేలితే ‘కాదు’ అని గుర్తుపెట్టే వీలూ ఉంది. ఖాళీ గడి అంటే అలర్జీ లేదని కాదు, ఎవరూ అడగలేదని కూడా కావచ్చు. అందుకే ‘అడిగాం, ఏమీ లేవన్నారు’ అని విడిగా రాయాలి.

అతి జాగ్రత్తా చేటే!

అనుమానమున్నవన్నీ రాసేస్తే పోలా... అనిపిస్తుంది. అక్కడే ఉంది చిక్కు. అమెరికాలో దాదాపు పదిశాతం రోగుల రికార్డుల్లో పెన్సిలిన్ అలర్జీ అని ఉంటుంది. పరీక్షిస్తే వారిలో 90 శాతానికి పైగా ఆ మందును నిక్షేపంగా వాడగలరు. కొందరికి చిన్నప్పుడు వైరల్ జ్వరంతో వచ్చిన దద్దుర్లను మందు ఖాతాలో వేసి ఉంటారు. నిజంగా అలర్జీ ఉన్నవారిలోనూ పదేళ్లు గడిచేసరికి దాదాపు 80 శాతం మందికి తగ్గిపోతుంది. రికార్డు మాత్రం తగ్గదు!

ఆ ముద్ర ఉన్నంతకాలం తేలికైన, చవకైన మందు బదులు మరోటి వాడాల్సి వస్తుంది. బ్రిటన్ రోగుల వివరాలతో 2018లో బీఎంజేలో వచ్చిన అధ్యయనంలో, ఈ ముద్ర ఉన్నవారికి మందులకు లొంగని ఎంఆర్‌ఎస్‌ఏ సోకే ముప్పు 69 శాతం ఎక్కువని తేలింది. పైగా అక్కర్లేని హెచ్చరికలు మాటిమాటికీ వస్తుంటే విసిగిపోయిన డాక్టర్లు అసలైనదాన్నీ పక్కకు నెట్టేసే ప్రమాదముంది. అలాగని ‘నాకూ తగ్గిపోయిందేమో’ అని ఇంట్లో వేసుకుని చూడటం మాత్రం ప్రాణాలతో చెలగాటమే. ఆ పరీక్ష నిపుణుల సమక్షంలోనే జరగాలి.

మనదేశంలో...

ఎలక్ట్రానిక్ ఆరోగ్య రికార్డుల ప్రమాణాలను కేంద్ర ఆరోగ్యశాఖ 2013లో ప్రకటించి, 2016లో సవరించింది. 2021 సెప్టెంబరు 27న ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ దేశమంతటా మొదలైంది. 14 అంకెల ఆభా సంఖ్య ఉన్నవారు తమ రికార్డులను, తమ అనుమతితో, వేరే ఆసుపత్రికి చూపించవచ్చు. అయితే మొదటి ఆసుపత్రిలో అలర్జీ నమోదు కాకుంటే రెండో చోటికి చేరేది ఖాళీ గడే.

కాబట్టి ఆ పని ఇంటినుంచే మొదలవ్వాలి. పడని మందు పేరు, వీలైతే ఆ అట్ట లేదా చీటీ దాచి ఉంచండి. వేసుకున్న ఎంతసేపటికి ఏమైందో, ఏ సంవత్సరమో, ఎలా తగ్గిందో ఒక కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి. ఫోన్లోనూ ఉంచండి. అమ్మానాన్నల వివరాలు పిల్లలకీ, పిల్లలవి అమ్మమ్మ తాతయ్యలకీ తెలియాలి. ఆసుపత్రిలో చేరేటప్పుడు ఎవరూ అడగకపోయినా మీరే చెప్పండి. డిశ్చార్జి కాగితాల్లో సరిగ్గా రాశారో లేదో చదువుకోండి. మందు వికటిస్తే ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ ఆధ్వర్యంలో పనిచేసే ఉచిత ఫోన్ నంబరు 1800-180-3024కి రోగులు కూడా నేరుగా తెలియజేయవచ్చు.