హాబీ ‘పాటలు వినడం’ అని రాశారా... ఏ పాటలు?

రెజ్యూమె చివర్లో ‘హాబీస్’ అని ఒక లైను ఉంటుంది. మనలో చాలామంది అక్కడ ‘లిజనింగ్ టు మ్యూజిక్’ అని రాసేసి పని అయిందనుకుంటాం. సీనియర్ ఇచ్చిన ఫైల్లో పేరు, ఫోన్ నంబరు మార్చినప్పుడు ఆ ఒక్క లైను మార్చాలనిపించదు కదా! ఇంటర్వ్యూలో ఎదురుగా కూర్చున్నాయన ‘ఏం వింటావమ్మా?’ అని అడిగితే ‘అన్నీ వింటాను సర్’ అంటాం. మాట అక్కడితో ఆగిపోతుంది. మిగతా ప్రశ్నలన్నీ ఆయనకు బాగా తెలిసినవి. మీకు బాగా తెలిసిన సంగతి అడిగింది ఆ ఒక్కటే. దాన్నీ వదిలేసుకుంటారా?

నాది ఆల్టర్నేటివ్ రాక్ పిచ్చి. హాస్టల్లో రూమ్మేట్ ఇచ్చిన క్యాసెట్‌తో అంటుకుంది. తెలుగు మీడియం చదువు కాబట్టి పాటలో పావు వంతు మాటలు కూడా అర్థమయ్యేవి కావు. అయినా టేపు అరిగేదాకా విన్నాను. తర్వాత ఆ ఆల్బమ్‌ల వెనక కథలు తెలిసేకొద్దీ ఇష్టం ఇంకా ముదిరింది. ఎందుకంటే వాటిని చేసినవాళ్లు అప్పటికి దాదాపు మీ ఈడువాళ్లే. చేతిలో డబ్బులు అంతంతమాత్రం, పని సగమే వచ్చు, రేపేమవుతుందో తెలియదు.

‘ఆల్టర్నేటివ్’ అనే పేరు వెనక పెద్ద సిద్ధాంతమేమీ లేదు. 1980ల్లో అమెరికాలో పెద్ద రేడియో స్టేషన్లు హిట్టయిన పాటలనే తిప్పితిప్పి వేసేవి. కొత్త కుర్రాళ్ల రికార్డులకు దిక్కు కాలేజీ రేడియోనే. విద్యార్థులే నడుపుకునే చిన్న స్టేషన్లవి. అర్ధరాత్రి ఏ సెకండియర్ కుర్రాడో కూర్చుని తనకు నచ్చింది వేసేవాడు. అందుకే మొదట్లో ఈ సంగీతాన్ని ‘కాలేజ్ రాక్’ అనేవారు.

ఆ కాలేజీ రేడియో పెంచిన బ్యాండ్ల పేర్లు చెప్పమంటే ముందు చెప్పాల్సింది ఆర్.ఇ.ఎమ్. జార్జియా రాష్ట్రంలోని ఏథెన్స్ ఒక యూనివర్సిటీ ఊరు. అక్కడ రికార్డుల షాపులో పీటర్ బక్ పనిచేసేవాడు. ఆర్ట్ విద్యార్థి మైకేల్ స్టైప్ కస్టమర్. బక్ తన కోసం పక్కన పెట్టుకున్న రికార్డులనే స్టైప్ ఏరి కొనేవాడట. స్నేహం అలా కుదిరింది. మైక్ మిల్స్, బిల్ బెరీ తోడయ్యారు. 1980 ఏప్రిల్ 5న ఓ స్నేహితురాలి పుట్టినరోజు పార్టీకి, ప్రార్థనలు ఆగిపోయిన ఒక పాత చర్చిలో మొదటి కచేరీ చేశారు. మూడేళ్లకు ‘మర్మర్’ వచ్చింది. మైకేల్ జాక్సన్ ‘థ్రిల్లర్’ ప్రపంచాన్ని ఊపేస్తున్న ఆ 1983లో రోలింగ్ స్టోన్ పత్రిక విమర్శకులు ఉత్తమ ఆల్బమ్‌గా ఎంచుకున్నది ‘మర్మర్’నే.

ఇంగ్లిష్ పాటలు అర్థం కావని జంకేవాళ్లు ఈ ఆల్బమ్‌తోనే మొదలుపెట్టాలి. స్టైప్ పాడడు, గొణుగుతాడు. అమెరికావాళ్లకే అర్థమయ్యేది కాదు! పాటల సాహిత్యం మొత్తం ఆల్బమ్‌తో అచ్చువేసింది 1998లో, ‘అప్’ వచ్చినప్పుడే. అంతవరకూ ఎవరికి వినిపించింది వాళ్లు పాడుకున్నారు. 1991 నాటి ‘లూజింగ్ మై రెలిజియన్’ సంగతీ అంతే. మతం వదిలేయడమనుకుంటాం. అమెరికా దక్షిణాది వాడుకలో దానికి అర్థం సహనం కోల్పోవడం. మాండొలిన్ అనగానే మనకు పాలకొల్లులో పుట్టిన శ్రీనివాస్ గుర్తొస్తారు. బక్ అంత విద్వాంసుడేమీ కాదు, అప్పుడే నేర్చుకుంటున్నాడు. టీవీ ముందు కూర్చుని సాధన చేస్తూ టేపులో పట్టుకున్న ముక్కే ఆ పాటకు ప్రాణం. ఇంకో సంగతి: ఎవరు రాసినా పాట కింద నలుగురి పేర్లూ అక్షర క్రమంలో పడేవి. డబ్బులోనూ సమాన వాటా. ఫైనలియర్ ప్రాజెక్టులో నలుగురితో కలిసి పనిచేసినవాళ్లకు ఇదెంత కష్టమో చెప్పక్కర్లేదు.

ఖాళీ చేతులతో వచ్చిన కిమ్

ఇక పిక్సీస్. నా మనసు ఎక్కువగా ఇక్కడే ఉంది.

చార్లెస్ థాంప్సన్ మసాచుసెట్స్ యూనివర్సిటీ విద్యార్థి. స్పానిష్ నేర్చుకోవడానికి ప్యూర్టోరికో వెళ్లాడు, నచ్చలేదు. అతని ముందు రెండు దారులు: హేలీ తోకచుక్కను చూడటానికి న్యూజిలాండ్ వెళ్లడం, లేదా బ్యాండ్ పెట్టడం. రెండోది ఎంచుకుని, మిత్రుడు జోయీ శాంటియాగోకు ఉత్తరం రాశాడు. 1986లో బోస్టన్ చేరి పత్రికలో ప్రకటన ఇచ్చారు. బేస్ గిటార్ వాయించేవాళ్లు కావాలి, వాళ్లకు చెవులు చిల్లులు పడేలా వాయించే హస్కర్ డూ, మెత్తగా జానపదాలు పాడే పీటర్, పాల్ అండ్ మేరీ రెండూ నచ్చాలి. ఇదీ అర్హత! వచ్చింది ఒక్కరే, కిమ్ డీల్. ఆవిడకు బేస్ వాయించడం రాదు. గిటార్ కూడా తెచ్చుకోలేదు. అయినా తీసుకున్నారు. ఆవిడ భర్త సూచనతో డ్రమ్స్‌కు డేవిడ్ లవరింగ్ వచ్చాడు. అతను ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్ చదివినవాడు.

‘పదిలో ఎనిమిది అర్హతలు లేవు, అప్లై చేయాలా వద్దా’ అని నోటిఫికేషన్ ముందు తటపటాయించే ప్రతిసారీ నాకు కిమ్ డీల్ గుర్తొస్తుంది. అయితే ఇది ప్రభుత్వ నోటిఫికేషన్లకు పనికిరాదు సుమా, అక్కడ అర్హత అంటే అర్హతే.

మొదటి టేపుకు థాంప్సన్ తండ్రి వెయ్యి డాలర్లు సర్దాడు. 1988లో ‘సర్ఫర్ రోసా’. రికార్డు చేసిన స్టీవ్ ఆల్బినీకి యంత్రాలు పుట్టించే ప్రతిధ్వని నచ్చదు. నిజం ప్రతిధ్వని కావాలని సామానంతా స్టూడియో బాత్‌రూమ్‌లోకి మోయించి కిమ్‌తో పాడించాడు. ‘ఫైట్ క్లబ్’ సినిమా ఆఖర్లో భవనాలు కూలుతుండగా వచ్చే పాట గుర్తుందా? ‘వేర్ ఈజ్ మై మైండ్’. అది ఈ ఆల్బమ్‌లోదే. మెల్లగా నడిచే చరణం, ఉన్నట్టుండి పగిలిపోయే పల్లవి పిక్సీస్ గుర్తు. మరుసటి ఏడాది ‘డూలిటిల్’లో ఇది ఇంకా పదునెక్కింది. వాళ్ల సొంత దేశంలో మాత్రం అమ్మకాలు అంతంతే. బ్యాండ్ 1993లో విడిపోయింది. థాంప్సన్ ఆ కబురు కిమ్‌కు ఫ్యాక్స్‌లో పంపాడు. అమెరికాలో ‘డూలిటిల్’కు గోల్డ్ రికార్డు గుర్తింపు వచ్చింది 1995లో, అప్పటికి బ్యాండే లేదు. 2004లో మళ్లీ కలిశారనుకోండి.

పిక్సీస్‌లా రాయబోతే వచ్చిన పాటే ‘స్మెల్స్ లైక్ టీన్ స్పిరిట్’ అని నిర్వాణా కర్ట్ కొబేన్ బాహాటంగా ఒప్పుకున్నాడు. 1991 సెప్టెంబరు 24న వచ్చిన ‘నెవర్‌మైండ్’లో మొదటి పాట అది. మరుసటి జనవరికల్లా ఆ ఆల్బమ్ మైకేల్ జాక్సన్ ‘డేంజరస్’ను అమెరికా చార్టులో మొదటి స్థానం నుంచి దించేసింది. ఇదంతా చాలామందికి తెలిసిందే. నాకు ఆసక్తి దానికి ముందు ఆల్బమ్ ‘బ్లీచ్’ మీద.

ఆ రికార్డింగ్‌కు అయిన ఖర్చు 606 డాలర్ల 17 సెంట్లు. కొబేన్‌కు అప్పుడు 21 ఏళ్లు, ఆ డబ్బు కూడా బ్యాండ్ దగ్గర లేదు. కట్టింది జేసన్ ఎవర్‌మన్. రికార్డులో ఒక్క తీగ మీటకపోయినా అట్ట మీద అతని పేరు, ఫొటో వేశారు. కొన్నాళ్లు రెండో గిటారిస్టుగా ఊళ్లు తిరిగాడు. పొసగక పంపేశారు. తర్వాత సౌండ్‌గార్డెన్‌లో చేరాడు, 1990లో వాళ్లూ పంపేశారు. ఆ వెంటనే రెండు బ్యాండ్లూ ఆకాశమంత ఎత్తుకు వెళ్లిపోయాయి. ఒకసారి అయితే సరే, రెండుసార్లు! టీవీ పెడితే తనను వద్దన్నవాళ్లే కనిపిస్తుంటే ఎలా ఉంటుందో, మీ బ్యాచ్‌లో అందరికీ ఆఫర్ లెటర్లు వచ్చి మీకే రాని రోజు తెలుస్తుంది. ఎవర్‌మన్ 1994లో అమెరికా సైన్యంలో చేరాడు. ప్రత్యేక దళాల దాకా వెళ్లి అఫ్గానిస్థాన్, ఇరాక్‌లలో పనిచేశాడు. బయటికొచ్చాక కొలంబియా యూనివర్సిటీలో చేరి 2013లో ఫిలాసఫీ డిగ్రీ అందుకున్నాడు. అప్పటికి నలభై దాటాయి. ‘బ్లీచ్’ పెట్టినప్పుడల్లా, అందులో వినిపించని ఈ మనిషి గురించే ఆలోచిస్తాను.

కొబేన్ 1994 ఏప్రిల్‌లో 27 ఏళ్లకే ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ చావును అతని కళలో భాగంగా చూసి ఆరాధించే అభిమానులున్నారు. నేను వాళ్లలో ఒకణ్ని కాను. కోపం, దిగులు ఉన్న పాటలు వినడం వేరు, ఆ దిగుల్లో ఒంటరిగా కూరుకుపోవడం వేరు. మీకో, మీ గదిలో ఉంటున్నవాళ్లకో పరిస్థితి చేయి దాటుతోందనిపిస్తే టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడొచ్చు. గొణిగే స్టైప్ స్పష్టంగా పలికిన పాట ఒకటుంది, 1992లో ‘ఆటోమేటిక్ ఫర్ ద పీపుల్’లోని ‘ఎవ్రీబడీ హర్ట్స్’. టీనేజీ పిల్లలకు సూటిగా చేరాలనే మాటలంత సాదాగా పెట్టారు.

శుక్రవారం బ్యాండ్

పిక్సీస్ కథ విని ‘కాలేజీ మానేస్తేనే ఏదైనా అవుతాం’ అనుకునేవాళ్లకు రేడియోహెడ్‌ను చూపిస్తాను. ఆక్స్‌ఫర్డ్ దగ్గర అబింగ్డన్ బడిలో అయిదుగురు పిల్లలు శుక్రవారాల్లో సాధన చేసేవాళ్లు. అందుకే మొదటి పేరు ‘ఆన్ ఎ ఫ్రైడే’. తర్వాత టామ్ యార్క్ ఎక్సెటర్, కోలిన్ గ్రీన్‌వుడ్ కేంబ్రిడ్జ్, ఎడ్ ఓబ్రియన్ మాంచెస్టర్, ఫిల్ సెల్వే లివర్‌పూల్... తలో ఊళ్లో డిగ్రీకి వెళ్లారు. బ్యాండ్‌ను వదల్లేదు, సెలవులకు ఇంటికొచ్చి వాయించుకున్నారు. చదువయ్యాక కోలిన్ రికార్డుల షాపులో పనిచేస్తుండగా, అక్కడికి వచ్చిన ఈఎంఐ ఉద్యోగితో పరిచయమైంది. 1991 చివర్లో ఒప్పందం కుదిరింది. కోలిన్ తమ్ముడు జానీ ఒక్కడే కాలేజీలో చేరిన కొద్ది వారాలకే మానేశాడు.

‘ద బెండ్స్’ రికార్డింగప్పుడు నిర్మాత జాన్ లెకీ ఒక పెళ్లికి వెళ్లాడు. స్టూడియోలో మిగిలింది కుర్ర ఇంజినీర్ నైజెల్ గాడ్రిచ్. ఊరికే ఉండటమెందుకని అతను, బ్యాండ్ కలిసి కొన్ని పాటలు చేశారు. వాటిలో ‘బ్లాక్ స్టార్’ ఆల్బమ్‌లోకి ఎక్కింది. 1997లో ‘ఓకే కంప్యూటర్’కు వచ్చేసరికి గాడ్రిచ్ నిర్మాతల్లో ఒకడు. బాత్ పట్టణం దగ్గర ఓ పాత మహల్లో చాలా భాగం రికార్డు చేశారు. అందులో ‘ఫిట్టర్ హ్యాపియర్’ అని రెండు నిమిషాల ముక్క ఉంది. పాట కాదు. ఆరోగ్యంగా ఉండాలి, పనిలో చురుగ్గా ఉండాలి అంటూ మంచి అలవాట్ల జాబితాను కంప్యూటర్ గొంతు భావం లేకుండా చదువుకుంటూ పోతుంది. ఇలాంటి పేజీల్లో మేం ఇచ్చే సలహాలను ఆ గొంతుతో ఒకసారి ఊహించుకోండి. నాకైతే నవ్వూ వస్తుంది, ఒళ్లూ జలదరిస్తుంది. అన్నట్టు ఈ జానీ గ్రీన్‌వుడ్ మన దేశం వచ్చి, షాయ్ బెన్ త్జూర్, రాజస్థానీ కళాకారులతో కలిసి జోధ్‌పూర్ మెహ్రాన్‌గఢ్ కోటలో ‘జునూన్’ అనే ఆల్బమ్ చేశాడు. 2015లో వచ్చింది.

ఇప్పుడు ఇంటర్వ్యూ గదికి వద్దాం. ‘లిజనింగ్ టు మ్యూజిక్’ కొట్టేసి మీరు నిజంగా వినేదేమిటో రాయండి. అడిగితే మూడు వాక్యాలు చాలు. ఏ ఆల్బమ్, దాంట్లో మీ చెవికి తట్టిందేమిటి, దాన్ని ఎలా కనుక్కున్నారు. ‘సర్, పిక్సీస్ అని బోస్టన్ బ్యాండ్. గొంతు ప్రతిధ్వని కోసం బాత్‌రూమ్‌లో రికార్డు చేశారని చదివి, ఆ తేడా పట్టుకోవాలని నాలుగుసార్లు విన్నాను’ అని చూడండి. ఎదుటాయన ఆ పేరు ఎప్పుడూ వినకపోయినా ఫర్వాలేదు. మీరు ఒక విషయం వెంట పడతారని తెలుస్తుంది. పేర్ల దండకం మాత్రం చదవకండి. విననిది విన్నానని అసలే చెప్పొద్దు, రెండో ప్రశ్నకే దొరికిపోతారు. ఇళయరాజా పిచ్చి ఉన్నవాళ్లూ ఇదే పద్ధతిలో చెప్పొచ్చు. ఇలా చెబితే ఉద్యోగం వస్తుందా? పాటలు విన్నందుకు ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. మీ గొంతులో వణుకు తగ్గుతుంది, అంతే. మొదటి అయిదు నిమిషాల్లో అది తక్కువేం కాదు.

వినేటప్పుడు ఒక్క పాట ఏరుకోకుండా ఆల్బమ్ మొత్తం వరుసగా వినండి. ‘సర్ఫర్ రోసా’ అరగంట పైచిలుకు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటూ అమీర్‌పేటలో కోచింగ్ తీసుకునేవాళ్లకు రానూపోనూ మెట్రోలో అయిపోతుంది. ‘మర్మర్’ పొద్దున్నే బాగుంటుంది. ‘నెవర్‌మైండ్’ ఎప్పుడైనా సరే, పక్క బెడ్ వాడు లేవనంత సౌండ్‌లో. ‘ఓకే కంప్యూటర్’కు మాత్రం 53 నిమిషాలు, చీకటి గది కావాలి. పరీక్ష ముందు రాత్రి దాని జోలికి పోకండి, రాసొచ్చాక వినొచ్చు.