తంగేడు తోలు, క్రోమ్ తోలు: ఎరువు కొనే ముందు ఈ తేడా తెలుసుకోండి

మరిగే నీళ్ళల్లో వేసిన రెండు తోలు ముక్కలను వీడియోలో చూసే ఉంటరు. ఒకటి నిమిషంలో ముడుచుకపోయి గట్టిపడ్డది. రెండోది ఉన్నట్టే ఉన్నది. ముడుచుకపోయింది చెట్టు బెరడుతో పదును చేసిన తోలు, ఉన్నట్టే ఉన్నది క్రోమ్ తోలు. అట్లయితే క్రోమ్ తోలే మంచిదా అని అడగొచ్చు. వేడికి ఆగే విషయంలో అవును, మంచిదే. కానీ పొలంలో ఏం వేయాలో చూసుకునేటోళ్ళకు ఈ తేడా ఇంకో రకంగా పనికొస్తది. పోయిన యాసంగికి ముందు ఒక వ్యాపారి మా దగ్గరికి 'సేంద్రియ నత్రజని, 10 శాతం పైనే' అని బూడిద రంగు పొడి ఒకటి సంచిలో తెచ్చిండు. ధర వేపపిండి కంటే తక్కువ. ఏంది అంటే తోలు పొడి అన్నడు. ఏ తోలు అంటే జవాబు లేదు.

ముందు తోలు సంగతి చూద్దాం. పచ్చి తోలును అట్లనే వదిలేస్తే కుళ్ళుతది. ఎండబెడితే రేకులెక్క అయితది, తడిస్తే మళ్ళీ కుళ్ళుడే. తోలులో ఉండేది కొల్లాజెన్ అనే మాంసకృత్తు. దాని పోగుల మధ్యకు ఏదో ఒకటి పోయి గట్టిగా పట్టుకుంటేనే సూక్ష్మజీవులు తినలేవు. ఆ పని బెరడులోని టానిన్ చేస్తది, క్రోమియం కూడా చేస్తది. ఏది పట్టుకున్నదన్న దాన్ని బట్టే తోలు గుణం, దాని వెంట వచ్చే మురికి గుణం కూడా.

మన రామన్నపేట చల్కల్లో, గుట్టల మీద, గట్ల వెంట ఎవరూ నాటకుండా పెరిగే తంగేడు ఈ పనికి దక్షిణాది అంతటా పేరున్న చెట్టు. బతుకమ్మలో పేర్చే పువ్వు, తెలంగాణ రాష్ట్ర పుష్పం. దాని బెరడులో టానిన్ సుమారు 15 నుంచి 20 శాతం ఉంటది. బ్రిటిష్ కాలంలో మద్రాసు నుంచి 'ఈస్ట్ ఇండియా తోళ్ళు' అనే పేరుతో ఓడలెక్కిన సరుకుకు మూలం ఈ చెక్కే. తంగేడు తోలు లేత పసుపు రంగులో వస్తది, కానీ వెలుతురు తగిలితే ఎర్రబడుతది. అందుకే చివరికి కరక్కాయ నీళ్ళల్లో ముంచేవాళ్ళు. ఆ తర్వాత కానుగ నూనెనో నువ్వుల నూనెనో పట్టించేవాళ్ళు. తుమ్మ చెక్క గుణం వేరు. దాంతో తోలు ముదురు రంగులో, బిరుసుగా, బరువుగా వస్తది, చెప్పు అడుగుకు బాగుంటది. కొన్నాళ్ళకు దక్షిణాఫ్రికా నుంచి వాటిల్ చెక్క, దాని సారం వచ్చి తంగేడును పక్కకు నెట్టినయి.

ఊర్లల్ల తోళ్ళు నానబెట్టే తొట్టిని లంద అంటరు. ముందు సున్నంలో నానబెట్టి వెంట్రుక తీసుడు, తర్వాత తంగేడు చెక్క నీళ్ళల్లో వారాల తరబడి ఉంచుడు. నీళ్ళ బలం కొద్దికొద్దిగా పెంచాలె. మొదట్నే చిక్కటి నీళ్ళల్లో వేస్తే పైపొర బిగుసుకపోయి లోపలికి టానిన్ దిగదు, నడుమల పచ్చిగనే ఉంటది. మోట బొక్కెన, దాని తొండం, వార్లు, చెప్పులు అన్నీ అక్కడి నుంచే వచ్చినయి. బోర్లు రాకముందు మన బావుల నీళ్ళు పైకి తెచ్చింది ఆ తోలే. 'మన పూర్వీకుల సహజ తోలు' అని ఈ మధ్య గొప్పగా చెప్పుకుంటున్నరు. చెప్పుకునేటోళ్ళు ఒకటి యాద్ పెట్టుకోవాలె. ఆ కుళ్ళు వాసనలో చేతులు పెట్టింది మాదిగలు. నీళ్ళు తాగింది అందరి పొలాలు, ఊరి బయట ఉంచింది వాళ్ళను.

ఇక క్రోమ్. 1900ల మొదట్లో మద్రాసులో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ అనే ఇంజనీరు ఈ పద్ధతి మీద ప్రయోగాలు చేయించిండు. ఆయన తయారు చేయించిన వాటిల్లో మోట బొక్కెన తోలు కూడా ఉంది, తడిలో ఎక్కువ కాలం ఆగుతదని. అంటే క్రోమ్ తోలు మన దేశానికి రైతు బావి దగ్గరికే వచ్చింది! దాని లాభాలు నిజమైనవే. వారాల పని ఒక రోజులో అయితది. తోలు పల్చగా, మెత్తగా వస్తది, రంగు బాగా పడుతది, నీటికి, వేడికి ఆగుతది. బెరడు తోలు గట్టిది, ఆకారం పట్టుకుంటది, చెక్కుడు పనికి, బెల్టులకు, చెప్పు అడుగుకు మేలు. కానీ నీళ్ళు పీలుస్తది, వేడికి ముడుస్తది.

లెక్క తప్పేది నీళ్ళ దగ్గర. మామూలు పద్ధతిలో పోసిన క్రోమియంలో 60, 70 శాతమే తోలు పట్టుకుంటది, మిగిలింది మురుగులోకి. తమిళనాడు టానరీల మీద వెల్లూరు సిటిజన్స్ వెల్ఫేర్ ఫోరం వేసిన కేసులో సుప్రీంకోర్టు 1996 ఆగస్టు 28న తీర్పు ఇచ్చింది. టానరీలున్న ప్రాంతంలో సుమారు 35,000 హెక్టార్ల సాగుభూమి కొంతగానో పూర్తిగానో పనికిరాకుండా పోయిందని అందులో రాసి ఉంది. దిండిగల్ వైపు 13 గ్రామాల్లో చూసిన 467 బావుల్లో 350 పాడైనయని కూడా ఉంది. కిలో తోలుకు సుమారు 35 లీటర్ల నీళ్ళు అని అదే తీర్పులో లెక్క. మూసీ కాలువ నీళ్ళు తెలిసిన మనకు ఈ అంకెలు వేరే విడమర్చి చెప్పాల్సిన పని లేదు, మూసీకి వచ్చేది వేరే మురుగు అయినా సరే.

నా అభిప్రాయం ఒకటి చెప్తా. అందరం క్రోమియం క్రోమియం అంటం గానీ, పొలాన్ని ముందుగా చంపేది ఉప్పు. కబేళా నుంచి టానరీ దాకా తోలు కుళ్ళకుండా దాని బరువులో 30, 40 శాతం ఉప్పు పట్టిస్తరు. మొదటి కడుగుడులోనే అదంతా నీళ్ళల్లోకి పోతది. మామూలు శుద్ధి ప్లాంటుకు ఉప్పు ఆగదు. సోడియం ఎక్కిన నేల బిగుసుకపోతది, అందులో వానపాము ఉండదు. బెరడుతో పదును చేసినా తోలు ఉప్పులో వచ్చిందైతే ఈ కష్టం తప్పదు. ఊరి లందకు తోలు ఆ రోజుదారోజే పచ్చిగా పోయేది, ఉప్పు అక్కర్లేదు. చెక్క కంటే ఆ దగ్గరతనమే పెద్ద తేడా. ఇంకొకటి, బెరడు నీళ్ళు కూడా పాలేం కావు. ఆ గోధుమ రంగు మురుగు కుంటలో పడితే నీళ్ళల్లోని ప్రాణవాయువు గుంజుకొని చేపలు చస్తయి. కాకపోతే టానిన్ ఆలస్యంగా అయినా కుళ్ళి పోతది. క్రోమియం మూలకం, అది ఎక్కడికీ పోదు.

ఇప్పుడు ఆ బూడిద రంగు పొడి. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం కంపోస్టులో క్రోమియం కిలోకు 50 మిల్లీగ్రాములు దాటొద్దు. క్రోమ్ తోలు గీసిన తుక్కులో, ఎండు బరువు మీద, క్రోమియం 2 శాతం పైనే ఉంటది. 2 అనే అనుకుందాం. అంటే కిలోకు 20,000 మిల్లీగ్రాములు, హద్దుకు 400 రెట్లు. ఒక్క కిలో తుక్కు కలిస్తే 400 కిలోల కంపోస్టుకు మొత్తం హద్దు నిండిపోతది. ఇది క్రోమియం-3, నేలలో ఎక్కువ కదలదు, విషం తక్కువ అంటరు. నిజమే. కానీ మాంగనీస్ ఆక్సైడ్లు ఉన్న నేలల్లో కొంత క్రోమియం-6గా మారే వీలుంది, అది క్యాన్సర్ కారకం. ఒంటికి తగిలే తోలు వస్తువుల్లో కిలోకు 3 మిల్లీగ్రాముల క్రోమియం-6 ఉన్నా అమ్మకానికి వీల్లేదని యూరప్ 2015 మే నుంచి నిబంధన పెట్టింది.

ఇంట్లో చూసుకునే పద్ధతి చెప్తా. తుక్కు ముక్కల్లాగా ఉంటే అడ్డంగా కోసి చూడండి. లోపల నీలం, నీలి బూడిద రంగు ఉంటే క్రోమ్. గోధుమ రంగైతే బెరడు కావచ్చు, కానీ రంగు అద్దిన తోలు మోసం చేస్తది. మరిగే నీళ్ళ పరీక్ష ముక్కలకే, పొడికి కాదు. పొడి అయితే తుప్పు మేకులను బెల్లం నీళ్ళల్లో వారం, పది రోజులు నానబెట్టి ఆ నీళ్ళు రెండు చుక్కలు వేయండి. టానిన్ ఉంటే నల్లబడుతది. కలంకారీలో కరక్కాయ పట్టిన బట్ట మీద నలుపు రావడం వెనక ఉన్నది కూడా ఇదే. నల్లబడలేదంటే అనుమానించాల్సిందే. నల్లబడ్డా క్రోమియం లేదని కాదు, రెండూ వాడిన తోళ్ళు ఉంటయి. కాల్చి మాత్రం చూడొద్దు, క్రోమ్ తోలు కాలిస్తే బూడిదలో క్రోమియం-6 తయారయితది. పొయ్యిలోకి, బెల్లం బట్టీలోకి చెప్పుల తుక్కు అసలే వద్దు.

నమ్మకంగా తేలాలంటే ల్యాబే. నత్రజని, భాస్వరం, పొటాష్ రిపోర్టు చూపిస్తే సరిపోదు, 'మొత్తం క్రోమియం' అనే గడి ఉందా చూడండి, లేకపోతే రాయించమనండి. కొమ్ముల పొడి, గిట్టల పొడి తీసుకోవచ్చు, అవి పదును పెట్టినవి కావు. సున్నపు తొట్టి దశలోనే, క్రోమ్ తగలకముందు వచ్చే వెంట్రుక, కండ తుక్కు కూడా పేడతో కలిపి బాగా కుళ్ళబెడితే పనికొస్తది, కానీ ఏ దశలో తీసిందో అమ్మేవాడు రాసి ఇవ్వాలె. నా దగ్గరికి వచ్చిన వ్యాపారి రాసి ఇయ్యలేదు, సంచి అట్లనే వాపస్ పోయింది.