ఏ గ్రూపులో చేర్పిస్తున్నారు?

ఎండలు ముదిరేసరికి మన ఇళ్లల్లో ఆవకాయ మాట ఎంత తప్పదో, పదో తరగతి గట్టెక్కిన పిల్లలున్న ఇంట్లో గ్రూపు మాటా అంత తప్పదు. "మీ అమ్మాయిని ఏ గ్రూపులో చేర్పిస్తున్నారు?" అని అడగని చుట్టం ఉండడు. కాలేజీలో తెలుగు చెప్పుకునే వాణ్ణి, ఆ గొడవ నాకెందుకని ఇన్నేళ్లూ తప్పించుకు తిరిగాను. కిందటి వేసవిలో మా అక్కయ్యా బావగారూ మేనకోడల్ని వెంటబెట్టుకుని దిగారు. ఇక తప్పలేదు.

"పిల్లను ఇంజనీరింగు చదివించాలి. అంటే ఎంపీసీ. ఇందులో ఆలోచించడానికేముందోయ్?" అన్నారు బావగారు, చెప్పులింకా విడవకుండానే.

అవును, అంతవరకూ పేచీ లేదు. మన రెండు రాష్ట్రాల్లోనూ ఇంజనీరింగు ప్రవేశ పరీక్ష లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీల మీదే నడుస్తుంది. 2021లో అఖిల భారత సాంకేతిక విద్యా మండలి వారు ఇంటర్లో లెక్కలూ ఫిజిక్సూ చదవని వారికి కూడా దారి తెరుద్దామని చూస్తే దేశమంతా గగ్గోలెత్తింది. ఇంజనీరింగుకు లెక్కలు ముఖ్యమేనని వారే వివరణ ఇచ్చుకోవలసి వచ్చింది. కనుక ఎంపీసీయా కాదా అన్నది ప్రశ్న కాదు. ఇంటర్లో రెండేళ్లూ, ఆపైన నాలుగేళ్లూ ఈ పిల్ల లెక్కలతో సామరస్యంగా బతకగలదా అన్నది ప్రశ్న. ఆ మాట పిల్లను తప్ప అందర్నీ అడుగుతాం.

మా నాన్నగారు పడక్కుర్చీలోంచి, "దాన్ని ఓ మాట అడగండర్రా" అన్నారు.

ఆయన అలా అనడానికి కారణం ఉంది. 1964లో ఆయన తొమ్మిదో తరగతిలోకి వచ్చారు. ఆ రోజుల్లో బడిలోనే లెక్కలు రెండు రకాలు: కాంపోజిట్, జనరల్. జనరల్ తేలిక. బడిలో ఒక మేష్టారు, "నీకెందుకురా ఆ కష్టం" అని దాంట్లో పేరు రాశారట. ఇంట్లో అడిగేవారు లేరు, చెప్పేవారూ లేరు. తీరా పీయూసీలో లెక్కల గ్రూపు కావాలని వెళితే, కాంపోజిట్ చదవని వాడికి లేదన్నారు. పదమూడు పద్నాలుగేళ్ల వాడి తరఫున ఎవరో వేసిన సంతకం అది. నాన్నగారు తరవాత గుమాస్తాగా చేరి మమ్మల్ని పెంచారు. ఇంట్లో ఫ్యానూ, పంపూ, ఇరుగుపొరుగుల రేడియోలూ అన్నీ ఆయనే విప్పి బాగుచేసేవారు.

ఇప్పుడు పదో తరగతి దాకా మన రాష్ట్రాల బోర్డుల్లో ఆ విభజన లేదు. కేంద్ర బోర్డు వారి బడుల్లో మాత్రం 2020 పరీక్షల నుంచీ పదో తరగతి లెక్కలు స్టాండర్డు, బేసిక్ అని రెండు మెట్లుగా ఉన్నాయి. పిల్లవాడు ఇంజనీరింగు వైపు చూస్తుంటే తేలికని బేసిక్ రాయించే ముందు, పదకొండులో లెక్కలు ఇస్తారో లేదో బడిలో అడిగి తెలుసుకోండి. ఇంజనీరింగు మీద కన్నున్న పిల్లకు స్టాండర్డే దారి.

మా కాలేజీలో లెక్కలు చెప్పే మిత్రుడొకడున్నాడు. సాయంత్రం కాఫీకి వచ్చాడు. అమ్మాయి మార్కుల జాబితా చేతికిస్తే మడిచి బల్ల మీద పెట్టి, "మీ వీధి చివర నీళ్ల ట్యాంకు ఎత్తెంతో చెప్పమ్మా. ఎక్కకూడదు. ఒక మీటరు కర్రా, కొలిచే టేపూ ఇస్తాను" అన్నాడు.

మే నెల మిట్టమధ్యాహ్నం మన ఊళ్లలో నీడ కాళ్ల కిందే ఉంటుంది. మరునాడు నాలుగింటిదాకా ఆగి మేనకోడలూ, కర్ర పట్టుకుని నాన్నగారూ బయల్దేరారు. అరగంటకు అది ఒక్కతే పరుగెత్తుకొచ్చింది.

"మామయ్యా, ట్యాంకు నీడ ఎక్కణ్ణించి కొలవాలి? స్తంభాల మధ్యనుంచా, పైన ట్యాంకు అంచుకి సరిగ్గా కిందనుంచా?"

నాకేం తెలుసు? మిత్రుడికి ఫోను చేస్తే, "ఎత్తు ఎంతొచ్చిందో నాకక్కర్లేదయ్యా. ఆ ప్రశ్న అడిగింది కదా, ఎంపీసీలో చేర్చు" అన్నాడు. నీడ కొసను వేసేది పైన ట్యాంకు అంచు కనుక దాని కిందనుంచే కొలవాలట. కర్ర నీడ 1.30 మీటర్లు, ట్యాంకు నీడ 19.50. ఎత్తు 15 మీటర్లని తేల్చింది. మొదటిసారి కర్ర నీడ కొలిచిన పావుగంటకు ట్యాంకు నీడ కొలిచిందనీ, ఈలోగా సూర్యుడు దిగాడని గ్రహించి రెండోసారి తాతయ్యను ఎండలో నిలబెట్టిందనీ తరవాత తెలిసింది.

ఇంతకీ అక్కడ జరిగింది పదో తరగతి పాఠమే, సరూప త్రిభుజాలు. మిత్రుడి లెక్క ప్రకారం ఇంటర్లో తడబడే పిల్లల్లో చాలామందికి చిక్కు ఇంటర్ పాఠంలో ఉండదు. తొమ్మిది, పదుల్లో బట్టీపట్టిన బీజగణితంలోనూ, త్రికోణమితిలోనూ ఉంటుంది. ఇంకొక చిక్కు ఉంది. మొదటి ఏడు ఫిజిక్స్‌లో వేగం, త్వరణం మొదట్లోనే వస్తాయి. వాటిని తెలుసుకోవడానికి కావలసిన అవకలనం లెక్కల తరగతిలో చాలాచోట్ల ఆ తరవాత ఎప్పుడో వస్తుంది. ఫిజిక్స్ అర్థం కావడం లేదని ఏడ్చే పిల్లకు నిజానికి కావలసింది నాలుగు రోజుల ముందుగా చెప్పిన లెక్క. వేసవిలో ఆ అధ్యాయం ఒక్కటి తిరగేయించినా చాలు.

కెమిస్ట్రీని చిన్నచూపు చూడడం ఇంకో తప్పు. మన ఈఏపీసెట్‌లో మూడు గంటల్లో 160 ప్రశ్నలు. లెక్కలు 80, తక్కిన రెండూ నలభయ్యేసి. జేఈఈ మెయిన్‌లో మూడింటికీ సమానంగా ఇరవై అయిదేసి. రెండిటికీ ఒకే కొలత పనికిరాదు. మొదటిదాంట్లో ప్రశ్నకు నిమిషం పైన ఏడెనిమిది సెకన్లు, తప్పుకు కోత లేదు. రెండోదాంట్లో తప్పుకు మార్కు పోతుంది. వేగంలో దిట్టయిన పిల్లా, నిదానంగా ఆలోచించే పిల్లా ఒకే పందెంలో పరుగెత్తాలనడం నాకు అన్యాయంగానే తోస్తుంది. ఏం చేస్తాం, తీరు అది.

కళాశాల చూడడానికి వెళ్లినప్పుడు గోడ మీద ర్యాంకుల ఫొటోలు చూసి తిరిగి రాకండి. ప్రయోగశాల చూపించమనండి. మేం వెళ్లిన ఒకచోట తాళం చెవి వెతకడానికి ఇరవై నిమిషాలు పట్టింది. లోపల బల్లల మీద దుమ్ములో వేలితో పేరు రాయవచ్చు. మేనకోడలు రాసింది కూడా.

అది జీవశాస్త్రం మీద కూడా మనసు పడింది. ఆంధ్రప్రదేశ్‌లో 2025-26 నుంచి లెక్కలూ జీవశాస్త్రమూ రెండూ కలిపి చదివే ఏర్పాటు వచ్చింది. మోయగలిగితే మంచిదే గాని, ఆ పిల్లకు రోజుకు ఉన్నది ఇరవై నాలుగు గంటలే. చేత్తో పని అంటే ప్రాణమిచ్చి పుస్తకమంటే విసుక్కునే పిల్లలకు వేరే దారి ఉంది: పాలిసెట్ రాసి మూడేళ్ల డిప్లొమా చేసి, ఈసెట్‌తో నేరుగా ఇంజనీరింగు రెండో ఏట చేరవచ్చు. ఈ మాట చెబితే బావగారు, "పాలిటెక్నిక్కా!" అని ముఖం చిట్లించారు. ఆ చిట్లింపులో తర్కమేమీ కనబడలేదు.

చివరికి మా ఊళ్లోనే, తాళం చెవి చప్పున దొరికిన కాలేజీలో, ఎంపీసీకి దరఖాస్తు తెచ్చాం. అమ్మాయి తన చేత్తోనే నింపింది. నాన్నగారు కళ్లద్దాలు సవరించుకుని గడి గడీ చదివారు. రెండో భాష దగ్గర దాని కలం ఆగింది. నా వంక ఓసారి చూసింది, నవ్వింది.

"మార్కులు బాగా వస్తాయట మామయ్యా" అని సంస్కృతం రాసేసింది.