నీటికి నిలుచు ఇల్లు

వికారాబాదు చెంతనున్న అనంతగిరి కొండలపై కురిసిన వాన రెండు దారులు పట్టును. పడమటి వాలున పడిన నీరు కాగ్నా నదిలో చేరి, తాండూరు ప్రక్కగా సాగి, భీమానదిలో కలియును. తూర్పునకు దిగిన నీరు మూసీ యగును. నవాబుపేట ప్రాంతపు చెలకలనుండియు వాగులనుండియు దిగు నీరును మూసీనే చేరి గండిపేట చెరువునకు పోవును. వేసవిలో ఈ వాగులను చూచినవారు వీనిని నమ్మి మోసపోవుదురు. ఇసుక, గులకరాళ్లు, నడుమ సన్నని తడిచార, పశువులు దాటు బాట; అంతే కనబడును. శ్రావణ భాద్రపదములలో రెండు దినములు ఎడతెగని ముసురు పట్టినచో ఆ బాటమీదనే మనిషి లోతు నీరు పారును.

ఈ నీరు ఎంత చేయగలదో 1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన హైదరాబాదు నగరము చూచినది. ఆ వరదలో సుమారు 15,000 మంది మరణించిరని అంచనా. దాదాపు 19,000 ఇండ్లు కూలిపోయినవి. అఫ్జల్‌గంజి యొద్ద నొక చింతచెట్టు నెక్కి నూట యేబదిమంది వరకు ప్రాణములు దక్కించుకొనిరి. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని ఆ చెట్టును నగరవాసులు నేటికిని చూపుదురు. మరుసటి యేట నిజాము ప్రభుత్వము పిలువగా వచ్చిన ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు వరదకు కారణములను పరిశీలించిరి. శంషాబాదులో 48 గంటలలో దాదాపు 19 అంగుళముల వాన కురిసినదనియు, మూసీకి నీరు చేర్చు ప్రాంతమునందలి 788 చెరువులలో 221 తెగినవనియు వారు లెక్క తేల్చిరి. పై చెరువు తెగి క్రింది చెరువును తెంపుటచేత వరద అంతకంత కెక్కువైనది. వారి సలహాననుసరించి నగరమునకు ఎగువన మూసీపై ఉస్మాన్‌సాగరు 1920లోను, ఈసీపై హిమాయత్‌సాగరు 1927లోను పూర్తియైనవి. గండిపేట చెరువనగా ఈ ఉస్మాన్‌సాగరే.

ఇచ్చట ఒక విషయము గమనింపవలెను. జలాశయము తనకు దిగువనున్న వారిని కాపాడును. నవాబుపేట గండిపేటకు ఎగువన నున్నది. కనుక ఆ పెద్ద కట్ట వలని రక్షణ ఈ పల్లెలకు లేదు. వాగునకును మనుష్యునకును నడుమ నున్నది అతని యింటిగోడ యొక్కటే.

గోడ ఎట్లు కూలునో తెలిసినగాని దానిని ఎట్లు నిలుపవలెనో తెలియదు. పొడిగా నున్న మట్టిగోడ మిక్కిలి బలముగలది. చక్కగా కట్టి, ఏటేట మెత్తి అలికినచో రెండు మూడు తరములు నిలుచును. కాని గోడ మొదట నీరు నిలిచినప్పుడు, దీపపు వత్తి నూనెను పీల్చినట్లు, అది నీటిని పైకి పీల్చును. తడిసిన మట్టి మెత్తబడును, బరువును హెచ్చును. మిద్దెపై పరచిన మన్నుకూడ నాని బరువెక్కును. మొదలు మెత్తబడి, నెత్తిమీద బరువు పెరిగిన గోడ కూలుటకు గాలియైనను అక్కరలేదు.

అందువలన వాన వెలిసినంతమాత్రమున అపాయము తీరినదని తలపరాదు. వెలుపల నిలిచిన నీరు గోడను కొంత అదిమిపట్టి యుంచును. నీరు దిగగానే ఆ ఊత పోవును. నానిన గోడ మాత్రము మిగులును. నాలుగు దినముల ముసురు తగ్గి ఆకాశము తేటపడిన రాత్రి, గండము గడచినదని ఇంటిల్లిపాది నిదురించుచుండగా గోడ మీదపడి మరణించిన వారి వార్తలు తెలంగాణమున దాదాపు ప్రతి వానకాలమునను వచ్చుచున్నవి. గోడ తరచుగా ముందే చెప్పును. క్రొత్త బీట కనబడుట, గోడ కడుపు ఉబ్బుట, మట్టిపెళ్లలు రాలుట, నిన్నటివరకు సులువుగా మూసికొనిన తలుపు బిగిసిపోవుట, ఇవి దాని మాటలు. ఇవి తెలిసిన రాత్రి ఆ యింట పండుకొనరాదు. బడిలోనో బంధువుల యింటనో తల దాచుకొనవలెను. సామాను సంగతి తరువాత చూచుకొనవచ్చును.

ఇక కట్టుట. మొదటి పని చోటు నెన్నుట. చెరువు శిఖమునందును, అలుగు పారు దారియందును, వాగు మలుపు వెలిగట్టునను ఇల్లు కట్టరాదు. 2020 అక్టోబరు 13, 14 తేదీల వానకు హైదరాబాదులో చెరువు కట్టలు తెగి వీథులకు వీథులే మునిగినవి. అచ్చట అనేక స్థలములు ఒకనాటి చెరువుల నేలలే. స్థలము చౌకగా వచ్చుచున్నదన్నచో, ఏల చౌకయో ఊరి వృద్ధుల నడిగి తెలిసికొనవలెను. నీరు ఎంతవరకు వచ్చినదో వారు చేయి చాచి చూపగలరు.

వారు చూపిన ఎత్తుకంటె ఇంటి అరుగు కనీసము ఒక మూరెడు పైకి ఉండవలెను. ఈ ప్రాంతమున పలుచోట్ల నల్లరేగడి నేల. అది తడిసిన ఉబ్బును, ఎండిన నెఱ్ఱెలు విచ్చును. దానిపై నిలిపిన పునాది ఏటేట కదలుచుండును. కనుక మొరము తగులువరకు పునాది త్రవ్వవలెను. మట్టితో కట్టదలచినవారైనను గోడ మొదటి రెండు మూడడుగులు రాతితో కట్టవలెను. అందుకు దూరము పోనక్కరలేదు. తాండూరు నాపరాయి దేశమంతట ప్రసిద్ధము. వికారాబాదు మెట్టలలో లాటరైటు అను ఎఱ్ఱరాయి కలదు. నాపరాళ్లు పరచిన నేల వరదనీటికి చెడదు. బురద కడిగినచో తిరిగి పూర్వమువలెనే యుండును. రాతికట్టుపై, మట్టిగోడ క్రింద, తడి పైకెక్కకుండ ఒక సిమెంటు పొర వేయుట మేలు. మట్టి ఇటుకలలో ఇసుకపాలు ఎక్కువైన మన్నునకు నూటికి అయిదు మొదలు పది పాళ్లు సిమెంటును, జిగట మన్నునకు సున్నమును కలిపినచో అవి నీటికి త్వరగా కరుగవు. చూరు గోడకు దూరముగా జారవలెను. వాకిలి వీథివైపు వాలియుండవలెను.

వీథి మాట వచ్చినది కనుక మరియొకటి చెప్పవలెను. పూర్వులు అరుగు నెత్తుగానే కట్టిరి. కాని పాతబాటను త్రవ్వి తీయక, దానిమీదనే మరల మరల క్రొత్తబాట వేయుటచేత, తాతనాడు మూడు మెట్లెక్కిన యింటిలోనికి నేడు మనుమడు మెట్టు దిగి పోవుచున్నాడు. బాట వేయించినవారికి పూలదండలు దక్కినవి. వాననీరు ఇంటిలోనికి వచ్చినది. బాట వేయునాడే దాని ఎత్తునుగూర్చి అడుగుట గ్రామస్థుల హక్కు.

నీటిగీతకు పైన ఉంచదగినవి కొన్ని కలవు. విద్యుత్తు మీటలు, ధాన్యపు బస్తాలు, భూమి పట్టాలు, పిల్లల పుస్తకములు అటుకపైనో గోడ పైభాగముననో ఉండవలెను. నీరు గడప తాకకముందే విద్యుత్తు ఆపివేయవలెను.

వరద పోయిన పిదప జరుగు పొరపాటు ఒకటి కలదు. నానిన మట్టిగోడ చూచుటకు అసహ్యముగా నుండును. యజమాని వెంటనే దానిపై సిమెంటు పూయించి, ఇల్లు బాగుపడినదని సంతోషించును. సిమెంటు పూత మట్టిలోని తడిని బయటకు పోనీయదు. గోడ లోపలనే మెత్తబడి, పూత నున్నగా నుండగనే, మరుసటి వానకు పొట్ట పగులును. మట్టిగోడకు మట్టిపూతగాని సున్నపుపూతగాని తగినది. తెలంగాణమున డంగుసున్న మనబడు గానుగ సున్నము తడిని బయటికి విడుచును, వాన దెబ్బకును కొంత ఓర్చును. ఏ పూతయైనను గోడ బాగుగా ఆరిన పిమ్మటనే వేయవలెను. అందుకు వారములు పట్టవచ్చును, నెలలును పట్టవచ్చును. అందాక తలుపులు, కిటికీలు తెఱచి గాలి ఆడనీయవలెను. బావినీటిలో బ్లీచింగు పొడి వేయించి, కాచి చల్లార్చి త్రాగవలెను. మూలలందు పాములు చేరియుండును గనుక సామాను కఱ్ఱతో కదలించి మరి ముట్టవలెను.

సున్నము కొట్టుటకు ముందు మరియొక పని మిగిలియుండును. బురదనీరు గోడమీద నొక గీత విడిచి పోవును. దానిని చెరపక మునుపు, దర్వాజా ప్రక్కనున్న రాతిమీద అంత ఎత్తుననే ఉలితో ఒక గాటు పెట్టి, సంవత్సరము చెక్కవలెను. ఆ వీథిలో మరియొకరు ఇల్లు కట్టునాడు తాపీమేస్త్రి ఆ గాటునుండియే తన కొలత మొదలు పెట్టును.