రాజీనామా పత్రం, రానుపోను టిక్కెట్టు

చేస్తున్న ఉద్యోగానికి స్వస్తి చెప్పి, భార్యాభర్తలిద్దరూ కలసి ప్రపంచం చూచి రావాలని బయలుదేరడం ఒకప్పుడు మన సమాజంలో వింతగా తోచేది. నేడు అది మధ్యతరగతి ఇళ్ళలో భోజనాల వేళ చర్చకు వచ్చే సంగతి. సాహసమని మెచ్చుకునేవారు కొందరు, బాధ్యతారాహిత్యమని పెదవి విరిచేవారు మరికొందరు. ఆ వాదన నాకంత ముఖ్యంగా తోచదు. రాజధానిలో ఉండి చూచేవాడికి కనిపించే చిక్కు వేరు. ఉద్యోగం మానితే తప్ప ప్రపంచం చుట్టి రావడానికి తీరిక దొరకదు. ఉద్యోగం ఉన్నదని కాగితం చూపితే తప్ప ప్రపంచం గుమ్మం దాటనివ్వదు.

ఈ చిక్కుకు రెండు కొసలూ ఇంచుమించు ఒకే వీధిలో ఉన్నాయి. ఇండియా గేటు వైపు, అశోకా రోడ్ ఒకటో నంబరులో, నిజాం కట్టించుకున్న హైదరాబాద్ హౌస్ సరసన ఆంధ్రా భవన్. రెండో కొసన గోల్ డాక్‌ఖానా, బంగ్లా సాహిబ్ గురుద్వారా. అక్కడికి కూతవేటు దూరాన, శివాజీ స్టేడియం మెట్రో స్టేషన్‌లో, పలు దేశాల వీసా దరఖాస్తులు స్వీకరించే కేంద్రం. నడుమ ఎన్నికల సంఘం వారి నిర్వాచన్ సదన్, ఇంకా సంచార్ భవన్. ఈ చివరి బోర్డు చూచి, దేశసంచారులకు సంబంధించిన శాఖ కాబోలునని తెలుగువాడు భ్రమపడితే తప్పు పట్టలేము. అది టెలిఫోన్ల శాఖ. హైదరాబాద్ హౌస్‌లో మన ప్రధానమంత్రులు విదేశీ అతిథులతో చర్చలు జరిపిన పిమ్మట వెలువడే సంయుక్త ప్రకటనల్లో ‘ఇరు దేశాల ప్రజల మధ్య రాకపోకలు’ అన్న మాట తరచుగా చోటు చేసుకుంటుంది. ఆ ప్రజలు ఎవరో, వారి రాకపోకలు ఎలా ఉన్నవో తెలియాలంటే అదే వీధిలో రెండు కిలోమీటర్లు నడిస్తే చాలు.

ఆంధ్రా భవన్ భోజనశాల వరుసలో ఈ మధ్య ఒక యువజంట పరిచయమయ్యారు. హైదరాబాద్ నుంచి వచ్చారు. అతడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి రాజీనామా ఇచ్చాడు. ఆమె ప్రభుత్వ కళాశాలలో అధ్యాపకురాలు. జీతం లేని సెలవు పెట్టింది. ఏడాదిన్నర పాటు నాలుగు ఖండాలు తిరగాలని సంకల్పం. హైదరాబాద్‌లో కార్యాలయం లేని ఒకటి రెండు దేశాల రాయబార కార్యాలయాలతో పని ఉండి ఢిల్లీ చేరారు. అప్పటికే ఒక ఐరోపా దేశం అతని దరఖాస్తును తిరస్కరించింది. “ఏం ఉద్యోగం చేస్తున్నావని అడిగితే, మానేశానని నిజం చెప్పానండీ. అదే కొంప ముంచింది” అన్నాడు. ఆమెకు మాత్రం వీసా వచ్చింది. కారణం అడిగితే సంచీలోంచి ఒక కాగితం తీసి చూపింది. కళాశాల వారిచ్చిన సెలవు మంజూరు పత్రం. “తిరిగి వచ్చి పాఠం చెప్పాలని ఇందులో ఉన్నది బాబాయిగారూ, అందుకని నన్ను నమ్మారు” అన్నది నవ్వుతూ. నవ్వులో చేదు లేకపోలేదు. జంటగా చూడవలసిన దేశానికి ఒక్కరికే ప్రవేశం లభించింది.

ఆ దేశపు అధికారిని నిందించి లాభం లేదు. అతని చేతిలోని నిబంధన అటువంటిది. షెంగెన్ దేశాల వీసా స్మృతి 32వ అధికరణం ప్రకారం, గడువు ముగియకముందే తమ గడ్డ విడిచి వెళ్ళాలన్న ఉద్దేశం దరఖాస్తుదారుకు ఉన్నదా అన్న విషయమై సహేతుకమైన అనుమానం కలిగితే వీసా నిరాకరించవలసిందే. అమెరికా మరో అడుగు ముందుకు వేసింది. అక్కడి వలస చట్టం 214(బి) సెక్షన్ యాత్రికుణ్ణి సైతం ముందుగా వలస వచ్చేవాడిగానే భావిస్తుంది. కాదని రుజువు చేసుకునే భారం అతడిదే. ఆ రుజువులు ఏమిటి? జీతం చీటీలు, ఆదాయపు పన్ను రిటర్నులు, బ్యాంకు ఖాతా వివరాలు, యజమాని ఇచ్చిన సెలవు పత్రం. అంటే, స్వదేశంలో మనిషిని కట్టివేసే తాళ్ళన్నింటినీ వరుసగా బల్లమీద పరచి చూపాలి. ఆ తాళ్ళు తెంచుకుని వచ్చినవాడు ఏమి చూపగలడు?

స్వదేశం విడిచి వెళ్ళే స్వేచ్ఛ కూడా మనకు ఊరకే లభించలేదు. స్వాతంత్ర్యం వచ్చిన ఇరవై ఏళ్ళ వరకూ పాస్‌పోర్టు ప్రభుత్వ దయాభిక్షగా చలామణి అయింది. 1967 ఏప్రిల్ 10న సత్వంత్ సింగ్ సాహ్నీ కేసులో, విదేశయానం వ్యక్తి స్వేచ్ఛలో భాగమనీ, రాజ్యాంగం 21వ అధికరణం దానికి రక్షణ అనీ సుప్రీంకోర్టు 3-2 ఆధిక్యంతో తీర్పు చెప్పింది. ఆధిక్య తీర్పు ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావుగారిది. రాజమండ్రికి చెందిన ఆ పెద్దమనిషి మర్నాడే, ఏప్రిల్ 11న, తన పదవికి రాజీనామా ఇచ్చి రాష్ట్రపతి ఎన్నికలో ప్రతిపక్షాల అభ్యర్థిగా నిలిచి జాకిర్ హుస్సేన్ చేతిలో ఓడిపోయారు. మనవారికి ప్రయాణపు హక్కు ఇచ్చిన మరుసటి రోజే తానూ ఉద్యోగం వదలిన న్యాయమూర్తి ఇంకొకరు ఉన్నట్లు నేను ఎరుగను. ఆ తీర్పు ఫలితంగానే ఆ ఏడు జూన్‌లో పాస్‌పోర్టుల చట్టం వచ్చింది. 1977లో మేనకా గాంధీ పాస్‌పోర్టును జనతా ప్రభుత్వం స్వాధీనం చేసుకోగా, 1978 జనవరి 25న వెలువడిన తీర్పు ఆ చట్టాన్ని ప్రయోగించే పద్ధతి న్యాయసమ్మతంగా ఉండాలని కట్టడి చేసింది.

హక్కు వచ్చినా చేతిలో డబ్బు ఉండేది కాదు. 1960ల చివర విదేశాలకు వెళ్ళినవారు జేబులో ఎనిమిది డాలర్లు పెట్టుకుని విమానం ఎక్కిన కథలు మన పాత తరం వైద్యులను, ఇంజనీర్లను అడిగితే చెబుతారు. నేడు రిజర్వు బ్యాంకు సరళీకృత పథకం కింద మనిషికి ఏటా రెండున్నర లక్షల డాలర్ల వరకు అనుమతి ఉన్నది. 2004లో ఆ పథకం మొదలైనప్పుడు అది పాతికవేలే. ఇటువైపు గేటు ఇంత విశాలంగా తెరుచుకున్నది. అటువైపు గేటు తెరవడం మన చట్టసభల చేతిలోనూ లేదు, మన న్యాయస్థానాల చేతిలోనూ లేదు.

మన తెలుగువారికి యాత్ర కొత్త కాదు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా ఉన్న ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న పరివారంతో కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. ఉద్యోగం వదలలేదు, సెలవు మీద వెళ్ళారు. ఆయన వ్రాసిన కాశీయాత్ర చరిత్ర ఆ సెలవు పుణ్యమే. ఆ తరువాతి తరంలో, సముద్రయానం కులభ్రష్టత్వమని భావించే రోజుల్లో, పోతం జానకమ్మగారు భర్త రాఘవయ్యగారితో ఇంగ్లండు వెళ్ళి వచ్చి తెలుగులో వ్రాసుకున్న అనుభవాలు 1876లో మద్రాసులో ఇంగ్లీషు పుస్తకంగా వెలువడ్డాయి. ఒక తెలుగు దంపతుల విదేశయాత్రకు, అందునా భార్య చేతి వ్రాతలో, నూట యాభై ఏళ్ళ నాటి దాఖలా ఇది. మన పాఠ్యపుస్తకాలలో ఆమె ఊసు నాకు కనబడలేదు.

ఉద్యోగాలు మాని ప్రపంచం చుట్టిన దంపతుల కథలు చదివినప్పుడు వారి పాస్‌పోర్టు ఏ దేశానిదో ముందు చూడడం నాకు అలవాటైంది. టోనీ వీలర్ అనే ఇంగ్లీషు యువకుడు ఫోర్డు కంపెనీ ఇస్తానన్న ఉద్యోగాన్ని వాయిదా వేయించుకుని, భార్య మౌరీన్‌తో 1972లో లండన్ నుంచి ఆసియా మీదుగా ఆస్ట్రేలియా చేరాడు. సిడ్నీలో దిగేనాటికి ఇద్దరి వద్దా మిగిలినది 27 సెంట్లు. ఆ మరుసటి ఏడు వారు వేసిన చిన్న పుస్తకంతోనే లోన్లీ ప్లానెట్ సంస్థ పుట్టింది. 27 సెంట్లతో సిడ్నీలో దిగిన తెలుగు దంపతులను అక్కడి అధికారులు ఏమి చేసి ఉండేవారో పాఠకుల ఊహకు వదులుతున్నాను. అర్జెంటీనాకు చెందిన హెర్మన్, కాండెలారియా జాప్ దంపతులు 2000 జనవరిలో 1928 నాటి గ్రాహం పేజ్ కారులో బ్యూనస్ ఎయిర్స్ నుంచి బయలుదేరారు. అలాస్కా వరకు ఆరు నెలల యాత్ర అనుకున్నది ఇరవై రెండేళ్ళు సాగింది. 102 దేశాలు, 3,62,000 కిలోమీటర్లు, దారిలో పుట్టిన నలుగురు పిల్లలు. 2022 మార్చిలో ఇల్లు చేరారు. వారి గుండె దిటవును తక్కువ చేయను. కాని అర్జెంటీనా పాస్‌పోర్టుతో ముందస్తు వీసా లేకుండా నేడు అడుగుపెట్టగల దేశాలు నూట అరవైకి పైబడి ఉంటే, మన పాస్‌పోర్టుతో అవి అరవై లోపే.

మనవారు చుట్టలేదా అంటే చుట్టారు. కలకత్తాకు చెందిన సలావుద్దీన్ చౌదరి, నీనా చౌదరి దంపతులు 1989 సెప్టెంబరు 9న ఈ ఢిల్లీ నుంచే కాంటెస్సా కారులో బయలుదేరి, ఆరు ఖండాలు దాటి, 69 రోజుల 19 గంటల 5 నిమిషాల్లో ఈ ఢిల్లీకే తిరిగి వచ్చి గిన్నిస్ పుస్తకానికి ఎక్కారు. అది గడియారంతో పందెం. తీరుబడి యాత్ర కాదు. నా మనస్సుకు మరింత దగ్గరైనవారు కొచ్చి నగరపు టీకొట్టు దంపతులు కె.ఆర్. విజయన్, మోహన. రోజుకు మూడు వందల రూపాయలు దాచి, చాలకపోతే అప్పు చేసి, వచ్చాక టీలు అమ్మి తీర్చి, మళ్ళీ బయలుదేరి, 26 దేశాలు చూచారు. 2021 నవంబరులో విజయన్ మరణించారు. వారు కొట్టు మూయలేదన్నది ఇక్కడ గమనించవలసిన అంశం. తిరిగి వచ్చి అప్పు తీర్చవలసిన టీకొట్టు కంటె గట్టి హామీ ఏ వీసా అధికారికి కావాలి?

ఇదంతా తీరికగలవారి గొడవ అని ఆక్షేపించే పాఠకులు ఉంటారు. వారి మాటలో నిజం ఉన్నది. కరీంనగర్, నిజామాబాద్, కోనసీమ, కడప ప్రాంతాల నుంచి ఉద్యోగం కోసమే గల్ఫ్ వెళ్ళే వేలాదిమందికి భార్యను వెంట తీసుకువెళ్ళే అర్హత ఉండదు. నిర్ణీత జీతం దాటితే తప్ప ఆ దేశాలు కుటుంబాన్ని రానివ్వవు. ఉద్యోగం ఉన్నదని మగవాణ్ణి ఒంటరిగా రానిచ్చే దేశాలు, ఉద్యోగం లేదని మగవాణ్ణి ఆపి భార్యను ఒంటరిగా రానిచ్చే దేశాలు. రెండింటా చీలేది జంటే.

ప్రభుత్వం ఏమీ చేయలేదా? సెలవు సంగతి మన చేతిలోనిదే. కేంద్ర ప్రభుత్వోద్యోగుల 1972 సెలవు నిబంధనలు సెలవు హక్కు కాదని మొదటే చెప్పి, జీతం లేని సెలవుకు కొంత చోటిచ్చాయి. ప్రైవేటు సంస్థల్లో ఆ మాత్రం చోటు కూడా యజమాని దయ. ప్రయాణ రాయితీ దేశానికే పరిమితం. ఢిల్లీ నుంచి మదురై వెళ్ళే మిషతో కొలంబో, కౌలాలంపూర్, సింగపూర్ చుట్టి వచ్చిన స్టేట్ బ్యాంకు ఉద్యోగుల రాయితీకి పన్ను మినహాయింపు చెల్లదని 2022 నవంబరు 4న సుప్రీంకోర్టు తేల్చింది. న్యాయమే. ప్రజాధనంతో కౌలాలంపూర్ చూడాలని ఎవరూ కోరరు. కోరేదల్లా సొంత డబ్బుతో వెళ్ళి వచ్చాక పాత కుర్చీ ఉండాలని.

వీసాల విషయంలో దౌత్యం పనిచేయదనడం కూడా సరికాదు. మూడేళ్ళలో రెండుసార్లు వీసా పొంది సక్రమంగా వినియోగించుకున్న భారతీయులకు రెండేళ్ళ, పిమ్మట ఐదేళ్ళ బహుళ ప్రవేశ వీసాలు ఇచ్చే పద్ధతిని ఐరోపా సమాఖ్య 2024 ఏప్రిల్‌లో తెచ్చింది. ఇది ఉద్యోగ పత్రానికి బదులు నడవడికను ప్రమాణంగా తీసుకున్న పద్ధతి కనుక మెచ్చదగినది. అయితే 2025 సెప్టెంబరులో అమెరికా, సందర్శక వీసాలకు ఎవరైనా తమ స్వదేశంలో గాని నివాస దేశంలో గాని దరఖాస్తు చేసుకోవాలని ఆదేశించింది. దారిన పోతూ ఏ లిమాలోనో అమెరికా వీసా అడుగుదామనుకున్న సంచారి ఇప్పుడు హైదరాబాద్‌కు తిరిగి రావాలి. మన విదేశాంగ మంత్రిని ఈ విషయమై నిలదీయవలసిన పార్లమెంటు సభ్యులలో పలువురు ఆంధ్రా భవన్‌లో భోంచేసేవారే.

ఆ జంట నన్ను అడిగిన చివరి ప్రశ్న వేరు. ఏడాదిన్నర తాళం వేసిన ఇంట్లో తమ ఓటు ఉంటుందా అని. తాత్కాలికంగా ఊళ్ళో లేనంత మాత్రాన సాధారణ నివాసం పోదని 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 20వ సెక్షన్ స్పష్టంగా చెబుతున్నది. చట్టం చెప్పినది వేరు, తలుపు తట్టి చూచి వెళ్ళే ఉద్యోగి వ్రాసుకునేది వేరు. 2025లో బీహార్‌లో జరిపిన ప్రత్యేక సమగ్ర సవరణలో ముసాయిదా జాబితాకు ఎక్కని పేర్లు 65 లక్షలు. వారిలో మరణించినవారితో పాటు, ఇంటివద్ద లేరని, వెళ్ళిపోయారని నమోదైనవారూ ఉన్నారు. ప్రవాస ఓటర్లకు 2010 సవరణ నమోదు హక్కు ఇచ్చింది కాని, ఓటు మాత్రం స్వయంగా వచ్చి వేయాలి. ప్రతినిధి ద్వారా వేసే వీలు కల్పించే బిల్లును 2018 ఆగస్టులో లోక్‌సభ ఆమోదించింది. రాజ్యసభ దాటకుండానే 2019లో అది మురిగిపోయింది. కనుక బయలుదేరేముందు పక్కింటివారికి తాళంచెవి, పోలింగు బూత్ అధికారికి ఫోను నంబరు ఇచ్చి వెళ్ళమన్నాను. ఎన్నికల రోజుకు రానుపోను టిక్కెట్టు మాత్రం వారే కొనుక్కోవాలి.