మూలం లేని మాట పలకని మల్లినాథసూరి

శబ్దమూ అర్థమూ విడదీయరానివి. అందుకే మహాకవి కాళిదాసు రఘువంశ ప్రారంభంలో పార్వతీపరమేశ్వరులను ఆ రెండింటితో పోల్చి నమస్కరించాడు. శబ్దం గ్రంథంలో నిలిచి ఉంటుంది. అర్థం చెదరకుండా మనకు అందాలంటే వ్యాఖ్యాత కావాలి. అటువంటి వ్యాఖ్యాతలలో అగ్రగణ్యులు మన తెలుగువారైన మహామహోపాధ్యాయ కోలాచల మల్లినాథసూరి. నేటి మెదక్ జిల్లాలోని కొల్చారమే ఆనాటి కోలాచలమని పెద్దలు చెబుతారు.

పంచకావ్యాలకు ప్రాణం

14, 15 శతాబ్దాల నాటి ఈ విద్వాంసుడు రఘువంశ, కుమారసంభవ, మేఘసందేశాలకు 'సంజీవని' వ్యాఖ్య రచించారు. దుర్వ్యాఖ్యలనే విషంతో మూర్ఛిల్లిన కాళిదాస భారతిని బ్రతికించేది కనుక దానికి ఆ పేరు. భారవి కిరాతార్జునీయానికి 'ఘంటాపథం', మాఘకావ్యానికి 'సర్వంకష', శ్రీహర్షుని నైషధానికి 'జీవాతువు' కూడా వారివే. శ్లోకంలోని పదాలను అన్వయక్రమంలో కూర్చి, వ్యాకరణాన్నీ నిఘంటువునూ సాక్ష్యంగా చూపడం వారి పద్ధతి. మూలం లేనిది రాయకపోవడం, అవసరం లేనిది చెప్పకపోవడం వారు ప్రతిజ్ఞ చేసి పాటించిన నియమం.

గురువుగారి ప్రశ్న

యౌవనంలో ఒక దేవాలయ సభలో నేను రఘువంశ తొలి శ్లోకాన్ని వివరించాను. 'పార్వతీపరమేశ్వరౌ' అనే పదాన్ని 'పార్వతీప', 'రమేశ్వర' అని విరిచి, శివకేశవులకు నమస్కారమని చమత్కరించాను. సభ కరతాళధ్వనులతో మారుమోగింది. ఇంటికి వచ్చాక మా గురువుగారు శాంతంగా ఒకే ప్రశ్న వేశారు: "మరి 'పితరౌ' మాటేమిటి నాయనా?"

సంజీవని తెరిచి చూశాను. ఆ పదానికి తల్లి, తండ్రి అని అర్థం చెప్పి, అది ఏకశేషమని పాణిని సూత్రంతో మల్లినాథులు నిరూపించారు. చమత్కారం కోసం నేను సభలో జగన్మాతనే పక్కకు తప్పించాను! ఆ సిగ్గు నేటికీ నన్ను కాపాడుతూనే ఉంది.

పాఠకులారా! ఇంట నిత్యం పఠించే స్తోత్రంలో రోజుకొక్క పదానికైనా అర్థం తెలుసుకోండి. మావంటివారు వేదికపై విశేషార్థం చెప్పినప్పుడు, దానికి మూలమేమిటని వినయంగా అడగండి. ఆ ప్రశ్నకు కోపగించక గ్రంథం తెరిచి చూపేవాడే పండితుడు.