నిండుగా పెరిగిన మామిడి ఏల పూయదు?

అచ్చంపేట ప్రాంతమున సంక్రాంతి దాటునప్పటికి చెలక గట్ల మీది మామిడి చెట్లు పూతతో కనిపించును. వాటికి ఎరువు వేయువారు లేరు, నీరు పోయువారు లేరు. అదే ఊరిలో ఒక ఇంటి పెరటి చెట్టును ఊహింపుడు. వయస్సు పన్నెండేండ్లు, ఆకులు నిగనిగలాడుచుండును, తెగులు లేదు, పురుగు లేదు. కాని పూత మాత్రము రాదు. అది గొడ్డు చెట్టని తలచి యజమాని గొడ్డలి వెదకును. చెట్టును నరకుటకు ముందు, అది ఏల పూయలేదో విచారించుట మంచిది.

మామిడి పూత సాధారణముగా రెమ్మ చివరి మొగ్గ నుండి వచ్చును. ఆ మొగ్గ చిగురుగా మారవచ్చును, పూతగా మారవచ్చును. పూతగా మారుటకు రెమ్మ నాలుగైదు నెలలు ముదిరి యుండవలెను. పిమ్మట చలి తగులవలెను. రాత్రి ఉష్ణోగ్రత 15 సెంటీగ్రేడు డిగ్రీల దరిదాపునకు దిగినప్పుడు, ముదురాకులలో పుట్టిన ప్రేరణ మొగ్గను చేరి దానిని పూతవైపు మళ్లించును. రెమ్మ ఆకులన్నియు తుంచివేసినచో, పొరుగు రెమ్మల నుండి ప్రేరణ అందనంతవరకు, చలిలో కూడ అది చిగురే వేయును. పగటి నిడివిని బట్టి కొన్ని మొక్కలు పూయునని 1920లో అమెరికా శాస్త్రజ్ఞులు గార్నర్, అలార్డ్ నిరూపించిరి. మామిడికి మాత్రము పగటి నిడివి కంటె చలియే ముఖ్యము.

ఈ ప్రేరణకు ఎదురు నిలుచునవి జిబ్బరెల్లినులు. జపానులో వరి మొలకలను అతిగా పొడవు చేయు శిలీంధ్రమును పరిశీలించుచు, కురొసావా 1926లో ఈ పదార్థముల జాడ కనుగొనెను. మొక్కలు కూడ వీటిని తామే తయారు చేసికొనునని తరువాత తెలిసినది. మామిడిలో ఇవి ఎక్కువైనచో పూత అణగిపోవును. లేత ఆకులలోను, పెరుగుచున్న టెంకలలోను ఇవి పుట్టును. విరగ కాసిన మరుసటి యేడు చెట్టు పూయకుండుటకు ఇది ఒక కారణము. కాపు వలన చెట్టులోని పిండిపదార్థము తరిగిపోవుట మరియొకటి.

ఇప్పుడు పెరటి చెట్టు సంగతి తెలియును. స్నానపు నీరు, గిన్నెలు కడిగిన నీరు ఏడాది పొడవునా దాని పాదులోనికే పోవును. దసరా నాటికి పెంట ఎరువు కూడ పడును. నీరు, నత్రజని సమృద్ధిగా దొరికిన చెట్టు కార్తీకములో మరల చిగురించును. చలి వచ్చునప్పటికి రెమ్మలు లేతగా నుండును. చెలకలోని చెట్టుకు వానలు వెనుదిరిగిన పిమ్మట నీరు లేదు. కొత్త చిగురు ఆగి, వానకాలపు రెమ్మలు ముదురును. కనుక లోపము చెట్టులో లేదు, పోషణ వేళలో నున్నది.

ఇతర కారణములును గలవు. అంటు మొక్క మూడు నాలుగేండ్లకు పూయగా, టెంక నుండి మొలచినది ఆరు మొదలు పదేండ్ల వరకు, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువకాలము, పూయకుండవచ్చును. గోడల నీడ, శీతకాలమునకు ముందు కొమ్మలు నరకుట కూడ పూతను చెరచును. పూత వచ్చి రాలిపోవుట వేరు. అది తేనెమంచు పురుగు, బూడిద తెగులు మొదలగువాని పని.

ఎరువు వేయుట, కొమ్మలు కత్తిరించుట కోత ముగియగానే తొలకరిలో చేయవలెను. అక్టోబరు నుండి పిందె బఠాణీ గింజంత అగువరకు నీరు మానవలెను. ఇంటి నీటిని అరటి పాదులోనికి మళ్లింపవచ్చును. జిబ్బరెల్లినుల తయారీని అడ్డగించు పాక్లోబ్యుట్రజాల్ అను మందును తోటలలో వాడుచున్నారు. అది నేలలో చాలకాలము నిలిచియుండును. మోతాదు మించినచో చెట్టు గిడసబారును. పెరటి చెట్టుకు దాని అవసరము సాధారణముగా రాదు.

ఉపాధ్యాయులు దీనిని విద్యార్థులచే పరీక్ష చేయింపవచ్చును. తొలకరిలో చిగురించిన ఇరువది రెమ్మలకు ఎఱ్ఱ దారము, కార్తీకములో చిగురించిన ఇరువదింటికి తెల్ల దారము కట్టవలెను. ఫిబ్రవరిలో పూసినవెన్నో లెక్కింపవలెను. ఏ దారముగల రెమ్మలు ఎక్కువగా పూసినవో విద్యార్థులే చెప్పగలరు. గొడ్డలి ఎత్తవలెనా, నీటి కాలువ మళ్లింపవలెనా అను ప్రశ్నకు ఆ లెక్కయే సమాధానమగును.